తీగలో ఇరుక్కున్న అప్‌డేట్

"కదుపు! కదపవయ్యా వేనూ! అడుగంటిందంటే నిన్ను కూడా అందులోనే వేసి కలుపుతా!"

ఆ కేక చర్చి మలుపు దాటి, దాణా కొట్టు దాటి, వీధి చివర బళ్లు ఆపుకుని దిగుతున్న వాళ్ల దాకా వినపడింది. విన్నవాళ్లెవరూ కంగారు పడలేదు. కెర్మిస్ పండుగ నాడు దెల్వో కార్నర్స్‌లో క్లారెన్స్ గొంతు అలా వినపడాల్సిందే. వినపడని ఏడు పండుగ కూర బూయా ఉండదేమోనని జనం బెంగపెట్టుకుంటారు. పాలసంఘంలో ఏ లారీ ఏ దారిన పోవాలో చెప్పి పంపే కొలువు చేసి రిటైరైన మనిషి క్లారెన్స్ దెల్ఫోస్. ఇంజిన్ల రొద మీదుగా అరిచి అరిచి ఆ గొంతు అలా తయారైంది. ఇప్పుడు దానికి మిగిలిన పని ఏడాదికోసారి ఈ గంగాళం మీద పెత్తనం ఒక్కటే.

గంగాళమంటే అలాంటిలాంటిది కాదు, ఇద్దరు దిగి స్నానం చేయొచ్చు. కింద కట్టెలు రాజేసి, కోళ్లూ గొడ్డుమాంసమూ ఉల్లిపాయలూ క్యాబేజీ క్యారెట్టూ ఒకదాని వెనక ఒకటి దింపి, ఎముకలు విసుగొచ్చి మాంసాన్ని వదిలేసే దాకా ఉడికిస్తారు. ఉడికినంతసేపూ ఎవరో ఒకరు పడవ తెడ్డంత తెడ్డు పట్టుకుని కలుపుతూనే ఉండాలి. ఆ తెడ్డు ఇప్పుడు వేన్ లాంపరర్ చేతిలో ఉంది. అదే వచ్చిన చిక్కు. వేన్ చేతిలో తెడ్డు ఆడితే నోట్లో మాట ఆడదు, నోట్లో మాట ఆడిందా తెడ్డు ఆగిపోతుంది. కెర్మిస్ అంటే పంట కోతలయ్యాక చేసుకునే పండుగ. వేన్ కోతలకి మాత్రం ఋతువంటూ లేదు.

వేన్ పాలసంఘం కంప్యూటర్లు చూసుకుంటాడు. ఆఫీసులో, పాల తూకం గదిలో, జున్ను గోదాముల్లో, అక్కడి నుంచి సరస్సు ఒడ్డు పొడుగునా ఉన్న దాణా కొట్లలో, ఎక్కడ కంప్యూటరున్నా దానికి కొత్త అప్‌డేట్ అందేలా పంపడం అతని పని. ఇన్నాళ్లూ వచ్చినవి చిన్నాచితకావి. ఈసారి వచ్చింది పెద్దది, లోపలున్నదంతా తిరగేసి మార్చేసేది. దాన్ని రేపు ఆదివారం, ఎవరూ పనిలో లేనప్పుడు, అన్ని కంప్యూటర్లకీ ఒక్క దెబ్బన పంపేస్తానంటాడు వేన్. ఇంతలో మిల్వాకీ నగరం నుంచి ఒక కంపెనీ వాళ్లు కోట్లు తొడుక్కుని దిగారు. మాకివ్వండి, విడతలు విడతలుగా మెల్లిగా చేస్తాం, ఆపైన రోజువారీ బాగోగులు కూడా మేమే చూసుకుంటాం అన్నారు. ఆ ఆఖరి మాట వేన్ గుండెల్లో ముల్లులా దిగింది. రోజువారీది కూడా వాళ్లే చూసుకుంటే ఇక వేన్‌కి మిగిలేది ప్రింటర్లో సిరా నింపడమే.

పని ఎవరికన్నది తేల్చాల్సింది మేనేజరు డార్లీన్ మాసార్. "కెర్మిస్‌లో భోజనానికి కూర్చునేలోగా చెప్తాలే," అంది మొన్న. ఇప్పుడు గంగాళానికి అవతల మడతకుర్చీలో, బీరు గ్లాసు మోకాలి మీద ఆనించుకుని కూర్చుంది. వేన్ చెల్లెలితో కలిసి చదువుకున్న పిల్ల. సైకిల్ చెయిన్ ఊడిందంటే ఏడుస్తూ వేన్ దగ్గరికే వచ్చేది. ఆ మొహంలో ఏముందో వేన్ పొద్దున్నించీ చూస్తున్నాడు, ఒక్క అక్షరం చదవలేకపోతున్నాడు.

"నాకొకటి చెప్పు వేన్," అంది డార్లీన్. "సోమవారం పొద్దున్నే పాల లారీలొచ్చి వరసకట్టి నిలబడతాయి. తూకం కంప్యూటర్ లేవలేదనుకో, అన్ని పాలు ఏం చేసుకోను? నీ నెత్తిన పొయ్యనా?"

"లేవకపోవడమా!" వేన్ తెడ్డు మీద గడ్డం ఆనించాడు. "నేను పంపిన అప్‌డేటు! లేవకపోవడం! నార్బర్ట్, విన్నావా ఈ మాట?"

"తెడ్డు!" అన్నాడు క్లారెన్స్.

నార్బర్ట్ వాండర్‌టై పాల తూకం గదిలో పనిచేస్తాడు. వానొస్తే తడి అంటాడు, ఎండొస్తే ఉక్క అంటాడు, రెండూ లేకపోతే ఇదేం రోజు అంటాడు. "విన్నా," అన్నాడు. "బెంచీ గుచ్చుకుంటోంది, పొగ ఇటే వస్తోంది. అయినా విన్నా."

"అయితే ఇదీ విను. ఆ పెద్ద మంచు పడ్డ చలికాలం గుర్తుందా? దార్లన్నీ మూసేశారు. మంచు తోసే బండ్లే మంచులో కూరుకుపోతే వాటిని తోయడానికి ఇంకో బండి కావాల్సొచ్చిన ఏడు. సరిగ్గా అప్పుడే దాణా కొట్లన్నిటికీ అప్‌డేట్ పంపాల్సొచ్చింది. ఇంకొకడైతే ఏం చేస్తాడు? బండేసుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతాడు, మధ్యలో గడ్డకట్టుకుని చస్తాడు. నేను? మా వంటింట్లో కూర్చుని, కాఫీ ఇలా పక్కన పెట్టుకుని, ఒక్క నొక్కు. అంతే. కుర్చీలోంచి లేవలేదు. ఈ ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఏ అప్‌డేట్‌కీ నేను కుర్చీలోంచి లేచింది లేదు, అది నా లెక్క."

అందులో తప్పుపట్టడానికేం లేదు. అలా ఇంట్లో కూర్చుని పంపొచ్చు, చాలామంది పంపుతారు కూడా. అందుకే నార్బర్ట్ ఆవలించాడు. వేన్ డార్లీన్ వంక చూశాడు. ఆమె గ్లాసులో నురగ చూసుకుంటోంది.

ఇది చాలదనిపించింది వేన్‌కి.

"కొట్లన్నీ అందుకున్నాయి, చివరి కొట్టు తప్ప. అదే, ఆ కొనాకి ఉంటుంది చూడు, సరస్సులోకి చొచ్చుకుపోయినట్టు. దానికి వెళ్లే తీగ పాత తీగ. ఆ చలికి ఏమైందో తెలుసా? అప్‌డేట్ సగం దారిలో గడ్డకట్టుకుపోయింది."

"తీగలోనా?" అంది బెర్నిస్ జాడిన్. బెర్నిస్ పాలసంఘం లెక్కల గదిలో ఏళ్ల తరబడి కూర్చుని రిటైరైంది. బల్ల మీద గిన్నెలు వరసగా పేరుస్తూ, ఒక్కోదాని పక్కన గుప్పెడు చిట్టి బిస్కెట్లు పోస్తోంది.

"తీగలోనే! నేను బయటికెళ్లి చూస్తే స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ ఇలా ఉబ్బి ఉంది, పాము ఎలకని మింగినట్టు. అదే మన అప్‌డేట్."

"ఇప్పుడేగా కుర్చీలోంచి లేవలేదన్నావు?" అన్నాడు నార్బర్ట్.

"కుర్చీతో సహా వెళ్లా! కుర్చీ కింద మా పిల్లల మంచు జారుడుబండి కట్టి, కుక్క చేత లాగించుకుంటూ వెళ్లా. లేవలేదన్నానంటే లేవలేదనే. ఇంతకీ మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టుకెళ్లాను. ఇంట్లోంచి కరెంటు వైరు, దానికి వైరు, ఆ వైరుకి వైరు, పక్కింటివాళ్ల క్రిస్మస్ దీపాల వైరు కూడా అడిగి తెచ్చి కలిపా. వేడిగాలి ఆ ఉబ్బు మీద పట్టానో లేదో, కదిలింది నా తల్లి! మెల్లిగా, బరువుగా, చూలు ఆవు నడిచినట్టు. నేను కింద కుర్చీలో, అది పైన తీగలో, ఇద్దరం కలిసి స్తంభం తర్వాత స్తంభం దాటుకుంటూ పోతున్నాం."

"కదుపు!"

వేన్ నాలుగు చుట్లు గబగబా కలిపాడు. డార్లీన్ పెదవి ఓ పక్కకి కాస్త లాగినట్టయింది. అది నవ్వో, దంతం సలుపో. అతను గంగాళం అంచు మీదుగా ఇంకాస్త వంగి చూశాడు. ఆవిరి తప్ప ఏమీ కనపడలేదు. సరే, ఇంకో కట్టె వేస్తే గానీ ఈ పొయ్యి అంటుకోదనుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగ మీద కాకులు కూర్చునున్నాయి. బారుగా, వంద గజాల మేర. ఉబ్బు వాటి కాళ్ల కింద నుంచి పోయింది. పోగానే ప్రతి కాకీ కళ్లు మూసుకుంది, తల వాల్చేసింది. చచ్చాయనుకున్నా. కాసేపటికి అన్నీ ఒక్కసారే కళ్లు తెరిచి, ఒక్కసారే 'కావ్' అన్నాయి. రీస్టార్ట్ అయ్యాయి! ఆ కాకులు ఇప్పటికీ మన ఊళ్లోనే ఉన్నాయి. కావాలంటే చూడండి, అన్నీ ఒకే టైముకి నిద్ర లేస్తాయి."

నార్బర్ట్ తల పైకెత్తి చర్చి కప్పు మీది కాకుల్ని నిజంగానే చూశాడు. అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండి, నవ్వండి. అసలు సంగతి ముందుంది. తీగ సరస్సు గట్టు మీదికొచ్చేసరికి తెగిపోయి ఉంది. ఈ ముక్క ఇటు, ఆ ముక్క అటు, మధ్యలో నా బారెడు ఖాళీ. ఉబ్బేమో వచ్చేస్తోంది. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఈ చేత్తో ఓ కొస పట్టుకున్నా, ఆ చేత్తో ఓ కొస పట్టుకున్నా. అప్‌డేట్ నాలోంచి పోయింది!"

"అమ్మ నాయనోయ్," అంది బెర్నిస్. "నొప్పి పుట్టిందా?"

"నొప్పా? చక్కిలిగింత! కుడి చేతిలో ఎక్కి, భుజం మీదుగా, మెడ వెనక్కొచ్చి కాసేపు ఆగింది. ఆ కాసేపూ ఈ సరస్సు ఒడ్డున ఏ కొట్లో ఎన్ని దాణా బస్తాలున్నాయో మొత్తం నాకు తెలిసిపోయింది. ఏ ఆవు ఏ పూట ఎన్ని పాలిస్తుందో తెలిసిపోయింది. మా ఆవిడ నా పుట్టినరోజుకి ఏం కొని ఎక్కడ దాచిందో కూడా తెలిసిపోయింది. ఆ తర్వాత ఎడమ చేతిలోంచి సర్రున దిగిపోయింది. అంతే, మర్నాటి నుంచి నా మోకాలి నొప్పి మాయం. పాత మోకాల్లో ఉన్న లోపాన్ని కొత్తది సరిచేసేసింది."

"మరి పొద్దున్నించీ ఈ కుంటడమేంటి?" క్లారెన్స్ అడిగాడు.

"ఆ తర్వాతి అప్‌డేట్ ఇంకా రాలేదు."

ఈసారి డార్లీన్ నవ్వింది. దాచుకోవాలని చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు దాచలేకపోయింది. వేన్‌కి ప్రాణం లేచొచ్చింది. నవ్వించినవాడికి కాదనలేరు ఎవరూ, అదే అతని నమ్మకం, పుట్టిన దగ్గర్నుంచీ దాని మీదే బతుకుతున్నాడు. తెడ్డుని ఈటెలా నేలకి దించి నిలబెట్టాడు. క్లారెన్స్ ఇక లాభం లేదనుకుని లేచొచ్చి తెడ్డు లాక్కుని తనే కలపడం మొదలుపెట్టాడు.

చేతులు రెండూ ఖాళీ అయ్యేసరికి వేన్‌కి ఇంక పట్టపగ్గాల్లేవు.

"అప్పుడు చివరి కొట్టుకి చేరింది. చేరి ఊరుకుందా? నాలోంచి వచ్చింది కదా, నా ఊపు కూడా దానికి అంటుకుంది. కొట్టు కంప్యూటర్లో పట్టక, పక్కనున్న పాకలో ఆవుల మెడపట్టీల్లోకి దూకింది. ఎంతసేపు నెమరేసిందీ లెక్కపెట్టే పట్టీలు లేవూ, అవి. ఒక మంద, పక్కది, ఆ పక్కది. సరస్సుకి ఇటువైపున్న ప్రతి ఆవూ నెమరెయ్యడం ఆపేసింది. నోట్లో ముద్ద నోట్లోనే! అన్నీ కూర్చున్నాయి, అన్నీ లేచాయి, అన్నీ ఒకే వైపుకి తిరిగాయి. ఆ పూట పిండితే ఏం వచ్చిందో తెలుసా?"

"జున్నే నేరుగా," అంది బెర్నిస్.

"నువ్వు ముందే చెప్పేస్తే ఎలా! జున్నే, అదీ ముక్కలు కోసి, కాగితం చుట్టి!"

"అబద్ధం," అన్నాడు నార్బర్ట్. "అది నా తూకానికి వచ్చుండాలి. రాలేదు."

"నీ తూకం కూడా రీస్టార్ట్ అవుతోందప్పుడు! అవుతూనే ఉంది. అక్కడి నుంచి దీపస్తంభానికి పాకింది, అది ఓడలకి కన్నుకొట్టడం మొదలుపెట్టింది. చర్చి గంటకి పాకింది. ఫాదర్ ప్రసంగం మధ్యలో ఉన్నాడు. పాపం ఆయన కూడా నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. జనం చచ్చినట్టు రెండోసారి విన్నారు. అక్కడి నుంచి సరస్సులోకి దిగింది. ఎగిరిన చేపలు ఎగిరినట్టే గాల్లో నిలబడ్డాయి. మంచు మీద గేలాలేసుక్కూర్చున్నవాళ్లు సంచి పట్టుకెళ్లి, చెట్టు మీద యాపిల్స్ కోసుకున్నట్టు కోసుకున్నారు. సరస్సు నడిమధ్య మంచు మీద పేద్ద చక్రం, ఇలా తిరుగుతోంది, తిరుగుతోంది, కాసేపాగండి అన్నట్టు. అదింకా తిరుగుతుండగానే అటువైపు నుంచి సూర్యుడు పైకొస్తున్నాడు. వస్తూ వస్తూ ఏమయ్యాడో తెలుసా?"

నార్బర్ట్ కూడా బెంచీ అంచుకి జరిగాడు.

"ఆగిపోయాడు! తొంభై తొమ్మిది శాతం దగ్గర! ఇంత ముక్క సరస్సు కింద, మిగతాదంతా పైన. రాడు, పోడు. కోళ్లు సగం కూత కూసి గొంతు పట్టేసుకుని నిలబడ్డాయి. బడి పిల్లలు తెల్లారిందా లేదా తేలక ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో గుమ్మాల్లో ఉండిపోయారు. గవర్నరు ఫోన్ చేశాడు. 'లాంపరర్, ఇది నీ పనేనటగా, చూడవయ్యా' అన్నాడు."

"నువ్వేం చేశావు?" డార్లీన్ అడిగింది, కళ్లు తుడుచుకుంటూ.

"ఎవరైనా ఏం చేస్తారు? మీరు ఫోన్ చేస్తే నేనేం చెప్తాను? ఆపి మళ్లీ వెయ్యమంటాను. ఆపి మళ్లీ వేశాను."

"సూర్యుణ్ణా?"

"మరి? సరస్సునా?"

బల్లలన్నీ ఊగిపోయాయి. బెర్నిస్ బిస్కెట్లు గిన్నెలో పోయబోయి ఒళ్లో పోసుకుంది. అవతలి గుంపుల్లోవాళ్లు కూడా ఏమిటేమిటని వచ్చి చేరారు. నార్బర్ట్ సైతం నవ్వి, ఎందుకు నవ్వానా అని ముఖం చిట్లించుకున్నాడు. వేన్ బీరు అందుకుని ఒక్క గుక్కలో సగం దించాడు. ఇంక అయిపోయింది. మిల్వాకీ వాళ్లు కోట్లు మడతపెట్టుకోవచ్చు.

నవ్వులు తగ్గేదాకా డార్లీన్ ఆగింది. ఆగి, గ్లాసు గడ్డిలో పెట్టి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

"అది సరే వేన్. ఇప్పుడు నిజం చెప్పు. ఈ పెద్ద అప్‌డేట్ ముందుగా ఎవరి దగ్గరైనా పెట్టి చూశావా?"

వేన్ మొహం మారింది. మామూలుగా ఎవరైనా 'నిజం చెప్పు' అంటే ఇంకో కథ ఎత్తుకునే మనిషి. ఈసారి నిజంగానే నొచ్చుకున్నాడు.

"పెట్టకుండా పంపుతానా? ఏమనుకున్నావు నన్ను? నాకు పరీక్ష బృందం ఉంది డార్లీన్. ఏ అప్‌డేట్ వచ్చినా ముందు వాళ్లకి పంపుతాను. రెండు వారాలు ఆగుతాను. వాళ్లు బాగుందంటేనే మిగతావాళ్లకి. ఈ పెద్దది కూడా వాళ్ల దగ్గర పెట్టాను. అందరి కంప్యూటర్లూ తీసుకున్నాయి, అన్నీ లేచాయి. ఏళ్ల తరబడి ఆ బృందం నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. అందుకే రేపు ఒక్క దెబ్బన పంపుతానంటున్నా. ఇందులో కోత లేదు. మా అమ్మ మీద ఒట్టు."

నిజమే చెప్పాడు. ప్రతి మాటా నిజమే. ఆ సంగతి అందరికీ తెలిసింది, ఎందుకంటే చేతులు ఆడించకుండా చెప్పాడు.

"ఎవరెవరు ఆ బృందంలో?" అంది డార్లీన్.

"ఎవర్ని పడితే వాళ్లని పెట్టలేదు. తెర మీద ఏదైనా వస్తే చదవకుండా నొక్కేసేవాళ్లు కాదు, కుదురుగా చదివి నొక్కేవాళ్లని ఏరి పెట్టాను. లెక్కల గదిలో బెర్నిస్..."

"నేనా?" అంది బెర్నిస్.

"అవును, నువ్వే. అంత జాగ్రత్త మనిషి ఇంకెవరున్నారు? లారీల గదిలో క్లారెన్స్..."

గంగాళంలో తెడ్డు ఆగింది. పొద్దున్నించీ ఇతరుల తెడ్డు ఆగితే అరిచిన మనిషి తనే ఆపేశాడు.

"వేన్," అంది బెర్నిస్ మెల్లిగా, ఒళ్లో బిస్కెట్లు దులుపుకుంటూ. "నా రిటైర్మెంటుకి కేకు కోశారు. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు! వాల్‌నట్ కేకు. నేను రెండు ముక్కలు తిన్నాను."

"మరి కేకు తిని వెళ్లి, నా కంప్యూటర్‌కే అప్‌డేట్ పంపుతున్నావా ఇన్నేళ్లూ?"

వేన్ బీరు గ్లాసు బల్ల మీద దించాడు.

"నేను పోయాక ఆ బల్ల దగ్గర ఎవర్నీ వెయ్యలేదు," అంది బెర్నిస్. గొంతులో ఇప్పుడు నవ్వు ఉబికి వస్తోంది, ఆపుకోవడం ఆమె వల్ల కావట్లేదు. "మొన్న ఆఫీసులో మా వాళ్లని చూడ్డానికి వెళ్లాను కదా, నా కుర్చీలో పండక్కి పెట్టే క్రిస్మస్ చెట్టు కూర్చునుంది, పెట్టెలో. కంప్యూటర్ వెలుగుతూనే ఉంది."

"ఎవరూ ఆపలేదా?" డార్లీన్ అడిగింది.

"ఎలా ఆపుతారు? పని అయిపోయినా కంప్యూటర్ ఆపొద్దు, ఆపితే అప్‌డేట్ అందదు అని రూలు పెట్టిందే ఇతను. ఆ గది పిల్లలు భక్తిగా దుమ్ము కూడా తుడుస్తున్నారు."

"నాదీ అంతే అయ్యుంటుంది," అన్నాడు క్లారెన్స్. "నా గదిలో టైర్లు పెట్టుకుంటున్నారిప్పుడు. ఇంకెవరు వేన్ నీ బృందంలో? జున్ను గోదాములో లూసియెన్ ఉన్నాడా?"

వేన్ అవునన్నట్టు చిన్నగా తలాడించాడు. లూసియెన్ అల్లంత దూరంలో, ఏప్రాను కట్టుకుని, గంగాళం కిందికి కట్టెలు మోసుకొస్తున్నాడు. అతనికీ రిటైర్మెంటు కేకు కోశారు. దానిలోంచి కూడా వేన్‌కి రెండు ముక్కలు వెళ్లాయి.

బెర్నిస్ చెయ్యెత్తి ఒక్కొక్కర్నీ చూపించింది. క్లారెన్స్, లూసియెన్, తను. "డార్లీన్, ఇతని పరీక్ష బృందం మొత్తం ఈ గంగాళం చుట్టూ నిలబడి కూర కలుపుతోంది. ఫిర్యాదులు ఎక్కడి నుంచొస్తాయి?"

"క్రిస్మస్ చెట్టు చేస్తుందేమో," అన్నాడు నార్బర్ట్.

అప్పుడు లేచిన నవ్వుకి చర్చి మీది కాకులు లేచిపోయాయి. సూర్యుడు ఆగినప్పటి నవ్వు దీని ముందు ఏ మూలకి! వేన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవులు జున్ను ఇచ్చాయంటే నవ్వి ఊరుకున్నారు. చేపలు గాల్లో నిలబడ్డాయంటే ఊఁ కొట్టారు. తన తల్లి మీద ఒట్టేసి చెప్పిన ఒకే ఒక్క నిజం దగ్గర పట్టుకున్నారు. దానికి ఏం కథ అల్లాలో అతనికి తోచలేదు. తోచకపోవడం అన్నది అతనికి కొత్త. తీగ చివర్న ఉన్న కంప్యూటర్ బాగుందో లేదో చూశాడు గానీ దాని ముందు మనిషున్నాడో లేడో చూడాలంటే కుర్చీలోంచి లేచి, నడవా దాటి, తలుపు తియ్యాలి. ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు.

డార్లీన్ ఒక్కతే నవ్వలేదు. ఆమె వేన్ వంకే చూస్తోంది. వేన్‌కి ఆ చూపు చల్లగా తగిలింది. ఇప్పుడు చెప్పేస్తుంది. సోమవారం మిల్వాకీకి ఫోన్ చేస్తానంటుంది. అందరి ముందూ అంటుంది.

"రేపు పంపను," అన్నాడు వేన్.

"ఏంటీ?"

"రేపు ఆదివారం పంపను. మనుషులెవరూ వాడి చూడలేదు దాన్ని. తూకం గదిలో అది ఎలా నడుస్తుందో నాకు తెలీదు." గొంతు సవరించుకున్నాడు. "పని నాకిచ్చినా ఇవ్వకపోయినా, రేపు మాత్రం ఎవరూ పంపకూడదు. మిల్వాకీ వాళ్లకి కూడా ఇదే చెప్పు."

డార్లీన్ కుర్చీలో వెనక్కి వాలింది. గ్లాసు తీసుకుని, మిగిలిన గుక్క తాగి, మూతి తుడుచుకుంది.

"పొద్దున్నించీ నీ కాకుల్నీ ఆవుల్నీ భరించి ఈ ఒక్క మాట కోసం కూర్చున్నా," అంది. "తెలీదు అనే మాట నీ నోట్లోంచి వస్తుందేమో చూద్దామని. రాకపోతే పని వాళ్లకిచ్చేద్దామనుకున్నా. తెలీదనలేని మనిషి చేతిలో నా పాలు పెట్టలేను."

"అయితే..."

"అయితే నువ్వే చెయ్యి. విడతలుగా చెయ్యి. కొత్త బృందం పెట్టుకో, ఊపిరున్నవాళ్లని పెట్టుకో. మొదట నా కంప్యూటర్. తర్వాత నార్బర్ట్‌ది."

"నాదెందుకు?" నార్బర్ట్ బెంచీ మీంచి లేచిపోయాడు.

"కుదురుగా చదివేవాళ్లు కాదు కావాల్సింది. నోరు మూసుకోలేనివాళ్లు కావాలి. ఈ ఊళ్లో నిన్ను మించినవాడు లేడు. పాత తూకం పక్కనే సిద్ధంగా పెట్టుకోండి, ఏదైనా ఆగితే దాని మీద తూచండి. వేన్, ఆ రోజు నువ్వు ఇంట్లోంచి నొక్కడాలు లేవు. నార్బర్ట్ పక్కన నిలబడి చూడు, పొద్దున మొదటి లారీ దగ్గర్నుంచి ఆఖరి లారీ దాకా."

"నిలబడా?" అన్నాడు వేన్.

"నిలబడే. మోకాలు బాగైపోయిందన్నావుగా."

"నా పక్కనా ఇతను!" నార్బర్ట్ మొత్తుకున్నాడు. "రోజంతా! ఆ గదిలో ఒకే తలుపుంది డార్లీన్, పారిపోవడానికి కూడా లేదు!"

"అయిందీ!" క్లారెన్స్ కేక పెట్టాడు. ఈసారి వీధి చివరి దాకా ఏం ఖర్మ, సరస్సు దాకా వినపడి ఉంటుంది. "ఎముకలు వదిలేశాయి! గిన్నెలు పట్టండి!"

కింది కట్టెలు బయటికి లాగేశారు. గరిట గంగాళంలో దిగింది, గిన్నెలు చేతులు మారాయి, పొడుగాటి బల్లల దగ్గరికి జనం కదిలారు. ముసలాళ్లని ముందు కూర్చోబెట్టారు, పిల్లల్ని చివర్న సర్దారు, ఎండు ప్లమ్ పళ్లతో చేసిన పైలు మధ్యలో వరసగా దింపారు. ఫాదర్ రెండు ముక్కల్లో ప్రార్థన ముగించాడు, ఆకలి ఆయనకీ ఉంది.

వేన్ తన గిన్నె పట్టుకుని ఎక్కడ కూర్చోవాలా అని నిలబడ్డాడు. మామూలుగా అయితే చుట్టూ జనమున్న చోటు చూసుకుని మధ్యలో ఇరుక్కుంటాడు. నార్బర్ట్ బెంచీ మీద పక్కకి జరిగాడు, గొణుక్కుంటూ.

"కూర్చో. ఎలాగూ తప్పదు. ఇప్పుడే చెప్తున్నా విను, తర్వాత చెప్పలేదనొద్దు. ఆ తూకం తెర మీద బొమ్మ నొక్కాలంటే చేతి తొడుగు తీయాలి. చలికాలంలో తలుపు తెరిచే ఉంటుంది, లారీ గొట్టం లోపలికి రావాలి కాబట్టి. తొడుగు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి, తీయకపోతే అది నొక్కుకోదు. నేను ముక్కుతో నొక్కుతున్నాను, తెలుసా నీకు? ఇన్ని చలికాలాలు ముక్కుతో నొక్కాను!"

బల్ల అవతల బెర్నిస్ బిస్కెట్లు కూరలో పోసుకుంటూ పగలబడి నవ్వింది. వేన్‌కి నాలుక చివర దాకా వచ్చింది, ముక్కుతో కంప్యూటర్ నడిపిన ఇంకో మనిషి కథ. మంచి కథ. దాంట్లో ఒక ఏనుగు కూడా ఉంది.

మింగేశాడు. చెంచాడు బూయా నోట్లో పెట్టుకుని, ఒళ్లంతా వెచ్చబడేదాకా నమిలి, నార్బర్ట్ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ముక్కుతోనా?" అన్నాడు. "ఇంకా ఏమేం ఉన్నాయి? చెప్పు."

నార్బర్ట్ చెప్పాడు. క్లారెన్స్ తెడ్డు గోడకి ఆనించి వచ్చి బెంచీ చివర్న కూలబడ్డాడు, డార్లీన్ తన గిన్నెతో వాళ్లెదురుగా సర్దుకుంది, బల్లలన్నీ నిండాయి. ఆ మధ్యాహ్నం అంతా తిన్నారు, మళ్లీ వడ్డించుకున్నారు, మళ్లీ తిన్నారు. నార్బర్ట్ అలా చెప్తూనే ఉన్నాడు.